ఎస్టెస్ పార్క్‌లో బస చేయాలా, డెన్వర్ నుంచి రోజూ వెళ్లి రావాలా? పెద్దవాళ్లతో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ప్రయాణం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డాలస్ నుంచి విమానంలో డెన్వర్ చేరుకుని, ఐదు రోజులలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ చూడాలనుకుంటున్నారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు, నాన్నగారు, మీ ఏడేళ్ల బాబు వెంట ఉంటారు. నాన్నగారు బీపీ మందులు వాడుతున్నారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. హోటళ్లు చౌక కాబట్టి డెన్వర్‌లో దిగి రోజూ వెళ్లి రావచ్చా లేక పార్కు గుమ్మంలో ఉన్న ఎస్టెస్ పార్క్ ఊళ్లో ఉండాలా, జూలై మేలా సెప్టెంబరు మేలా, పార్కులో కొండల మీదుగా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎత్తును పెద్దవాళ్లు తట్టుకుంటారా, శాకాహార భోజనం దొరుకుతుందా అని అడిగారు.

నేరుగా చెప్పాలంటే: ఎస్టెస్ పార్క్‌లోనే బస చేయండి. మొదటి రాత్రి డెన్వర్‌లో గానీ బౌల్డర్‌లో గానీ గడిపి, తర్వాతి మూడు రాత్రులు ఎస్టెస్ పార్క్‌లో ఉండండి. బాబు బడి అడ్డు రాకపోతే సెప్టెంబరు మూడో వారంలో, ఎస్టెస్ పార్క్ బస సోమవారం నుంచి గురువారం వరకు వచ్చేటట్లు పెట్టుకోండి. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డును మాత్రం ఎంత ఆశగా ఉన్నా చివరికి ఉంచుకోండి. నాన్నగారి డాక్టరు సరేనంటే ఆయన కూడా ఆ రోడ్డు మీదికి వెళ్లవచ్చు, కానీ పైన గడిపే సమయం తక్కువగా ఉండాలి.

నేను చాలా ఏళ్లుగా కొలరాడోలో ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే మా బంధువులనూ, స్నేహితుల తల్లిదండ్రులనూ ఈ పార్కుకు తీసుకువెళ్లడం నాకు అలవాటైన పని. అందువల్ల గైడు పుస్తకాలలో ఉండే చూడవలసిన ప్రదేశాల జాబితాను పక్కన పెట్టి, అరవై దాటిన మనవాళ్లతో వెళ్లినప్పుడు నిజంగా అవసరమయ్యే విషయాలే రాస్తున్నాను.

ముందు ఎత్తు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగిలిన ఏర్పాట్లన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. డాలస్ సముద్రమట్టానికి 500 అడుగుల ప్రాంతంలో ఉంటుంది. డెన్వర్ 5,280 అడుగులు, ఎస్టెస్ పార్క్ 7,522 అడుగులు, పార్కులోని బేర్ లేక్ సరస్సు 9,475 అడుగులు, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డులో అన్నిటికంటే ఎత్తైన చోటు 12,183 అడుగులు. మన ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమలలోని అర్మ కొండ శిఖరం దాదాపు 1,680 మీటర్లు ఉంటే, ఎస్టెస్ పార్క్ బజారు వీధే దాదాపు 2,290 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మీ అమ్మగారు, నాన్నగారు ఆ ఊళ్లో కారు దిగి నిలబడేసరికే మన కొండల శిఖరాలను దాటి పైకి వచ్చేసి ఉంటారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే ఉంటుంది, 12,000 అడుగుల దగ్గర మూడింట రెండు వంతులకన్నా తగ్గిపోతుంది. పీల్చే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా అంత మేరకు తగ్గుతుంది.

డెన్వర్ నుంచి రోజూ వెళ్లి రావడం వల్ల రెండు నష్టాలు ఉన్నాయి. పొద్దున్న 5,280 అడుగుల దగ్గర బయలుదేరి, మధ్యాహ్నానికి 12,000 అడుగులకు చేరి, సాయంత్రానికి మళ్లీ కిందికి దిగడమంటే పెద్దవాళ్ల శరీరానికి ఆ ఎత్తుకు అలవాటు పడే వ్యవధే దొరకదు. రెండోది, ట్రాఫిక్ లేకపోయినా ఒక్కో వైపు గంటన్నర ప్రయాణం. ఆ గంటన్నర వల్ల పార్కులో అన్నిటికంటే విలువైన పొద్దుటి పూట మీ చేతికి రాదు. ఊళ్లోనే ఉంటే ఆరున్నరకు కాఫీ తాగి, ఏడు గంటలకల్లా పార్కు లోపల ఉంటారు. హోటల్ అద్దె ఎక్కువన్న మాట నిజమే. అయినా పెద్దవాళ్లు మధ్యాహ్నం గదికి వచ్చి ఒక కునుకు తీసి, సాయంత్రం మళ్లీ హాయిగా బయటికి రాగలగడానికి ఆ డబ్బు పెట్టవచ్చని నా అభిప్రాయం.

ఇందులో ఒక మినహాయింపు ఉంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, ఇటీవల జరిగిన ఆపరేషన్ వంటివి ఉన్నవాళ్లు 7,500 అడుగుల దగ్గర రాత్రి నిద్రించడం గురించి కూడా ముందుగా డాక్టరును అడగాలి. బీపీ మాత్రమే ఉండి, మందులతో అదుపులో ఉన్నవాళ్లు సాధారణంగా ఇబ్బంది పడగా నేను చూడలేదు, కానీ నాన్నగారి మందులేమిటో నాకు తెలియదు కాబట్టి ఆ మాట చెప్పవలసింది ఆయన డాక్టరే. ఎత్తు కోసం ఇచ్చే మాత్రలను ఎవరో చెప్పారని సొంతంగా వేసుకోనివ్వకండి. మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం, కాస్త తలనొప్పి, మెట్లెక్కితే ఆయాసం చాలామందికి ఉండేవే, అవి సాధారణంగా ఒకటి రెండు రోజులలో తగ్గుతాయి. తలనొప్పితో పాటు వాంతులు, తూలిపోవడం, మాట తడబడటం, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే మాత్రం ఆగి చూడకుండా వెంటనే కిందికి దిగాలి. ఎస్టెస్ పార్క్‌లో అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రి ఉంది. ఊళ్లో బస చేయమనడానికి అది కూడా ఒక కారణం.

ఇక రోజులను ఎత్తు ప్రకారం, కింది నుంచి పైకి, పేర్చుకోండి. ఎస్టెస్ పార్క్ చేరిన రోజున పార్కులోకి వెళ్లనే వద్దు. ఊరి నడిబొడ్డున ఫాల్ రివర్, బిగ్ థాంప్సన్ అనే రెండు నదులు కలుస్తాయి. వాటి ఒడ్డున అంగళ్ల వెనకగా రివర్‌వాక్ అనే నడక దారి ఉంది, మధ్యమధ్య కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి. ఊరికి తూర్పున లేక్ ఎస్టెస్ చుట్టూ నాలుగు మైళ్లకు కాస్త తక్కువగా చదునైన తారు బాట ఉంది, అందులో అమ్మగారు నడవగలిగినంత నడిస్తే చాలు. ఈ చెరువు సహజమైనది కాదని బాబుకు చెప్పండి. కొండల పడమటి వైపు నీటిని 13 మైళ్ల పొడవైన ఆల్వా ఆడమ్స్ సొరంగం ద్వారా కాంటినెంటల్ డివైడ్ (నీళ్లు తూర్పు పడమరలుగా విడిపోయే కొండల వరుస) కింద నుంచి తూర్పుకు తీసుకువచ్చే కొలరాడో-బిగ్ థాంప్సన్ పథకంలో ఇదొక భాగం. ఇటువైపు పొలాలకూ, మేముండే ఊళ్ల కుళాయిలకూ వచ్చే నీటిలో చాలా భాగం ఆ సొరంగం దాటి వచ్చినదే. కాలవ నీళ్ల కోసం ఎదురుచూసిన పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఈ సంగతిని ఎంత ఆసక్తిగా వింటారో నేను చాలాసార్లు చూశాను. కొండ మీద తెల్లగా కనిపించే స్టాన్లీ హోటల్ 1909లో తెరిచినది. క్షయ వ్యాధితో ఇక్కడి గాలి కోసం 1903లో వచ్చి కోలుకున్న ఎఫ్.ఓ. స్టాన్లీ అనే ఆవిరి కార్ల తయారీదారు దాన్ని కట్టించాడు.

ఎస్టెస్ పార్క్‌లో రెండో రోజు బేర్ లేక్ రోడ్డు వైపు వెళ్లండి. ముందు స్ప్రేగ్ లేక్ దగ్గర ఆగండి. దాని చుట్టూ మైలుకన్నా తక్కువ దూరం చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. మోకాళ్ల నొప్పులున్న ఒక పిన్నిగారిని నేను అక్కడికి తీసుకువెళ్లినప్పుడు, పార్కులో మిగతా ఏ చోటికన్నా అక్కడే ఎక్కువసేపు ఉండిపోయారు. గాలి లేని పొద్దుటిపూట మంచు కొండల వరుస మొత్తం నీటిలో కనిపిస్తుంది, అడుగున ఉన్న గులకరాళ్ల మధ్య ట్రౌట్ చేపలు కదలడం ఒడ్డు నుంచే చూడవచ్చు. ఆ తర్వాత బేర్ లేక్‌కు వెళ్లి, సరస్సు చుట్టూ నడిచే దారిలో మొదటి కొంత భాగం చూసి పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చుంటే, మీలో ఒకరు బాబును తీసుకుని నింఫ్ లేక్, డ్రీమ్ లేక్ వరకు ఎక్కి రావచ్చు. దాని పైన ఉన్న ఎమరాల్డ్ లేక్ వరకు వెళ్తే ఒక వైపే దాదాపు 1.8 మైళ్లు. ఏడేళ్ల పిల్లవాడికి డ్రీమ్ లేక్ దగ్గర ఆగిపోవడమే సబబు. అక్కడితో వాడి హుషారు సగం అయిపోతుంది, మిగతా సగం దిగడానికి కావాలి.

మూడో రోజు ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు. ఇది ఎస్టెస్ పార్క్‌ను కొండల అవతల ఉన్న గ్రాండ్ లేక్‌తో కలిపే 48 మైళ్ల దారి. 1932లో తెరిచారు. మామూలుగా మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య వరకే తెరిచి ఉంటుంది, సెప్టెంబరులో కూడా మంచు కురిస్తే ఒకటి రెండు రోజులు మూసివేస్తారు. అందుకని ఒక రోజు అటూ ఇటూ మార్చుకునే వీలు ఉంచుకోండి. గ్రాండ్ లేక్ వరకు వెళ్లవలసిన పని లేదు. మెనీ పార్క్స్ కర్వ్, రెయిన్‌బో కర్వ్, ఫారెస్ట్ కాన్యన్ దగ్గర ఒక్కొక్క చోట పది నిమిషాలు ఆగుతూ, 11,796 అడుగుల ఎత్తున ఉన్న ఆల్పైన్ విజిటర్ సెంటర్ వరకు వెళ్లి వెనక్కి తిరగండి. అక్కడ పక్కనే గుట్ట మీదికి మెట్ల దారి ఒకటి ఉంది. చూడటానికి చిన్నదే, కానీ దిగగానే అందరూ దాని మీదికే పోతారు. మా స్నేహితుడి నాన్నగారు ఊళ్లో రోజూ పొద్దున్నే నడిచే మనిషి, ఆ ధీమాతో గబగబా ఎక్కబోయి సగంలో కూలబడ్డారు. పెదవులు పాలిపోయి, మాట రావడానికి కొంతసేపు పట్టింది. నెమ్మదిగా కారులో కూర్చోబెట్టి రెండు వేల అడుగులు కిందికి దించేసరికి మామూలు మనిషి అయ్యారు. నాన్నగారిని ఆ మెట్లు ఎక్కనివ్వకండి. కారు ఆపిన చోటు నుంచి కనిపించేది కూడా తక్కువేమీ కాదు.

పైన చెట్టు అనేది ఉండదు. దాదాపు 11,400 అడుగులు దాటాక చలికీ గాలికీ చెట్లు పెరగవు, నేలను అంటుకుని ఉండే నాచులాంటి మొక్కలు, చిన్న పూలు మాత్రమే ఉంటాయి. ఒక్క అడుగు పడిన చోట అవి మళ్లీ మొలవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది కాబట్టి బాబును బాట మీదే నడవమనండి. జూలైలో కూడా అక్కడ గాలి కోసేస్తుంది. చీర కట్టుకునే అమ్మగార్లు లోపల వెచ్చటి లెగ్గింగ్, కాళ్లకు సాక్సు, బూట్లు వేసుకుని, చీర మీద గాలి చొరబడని జాకెట్ వేసుకుంటే సరిపోతుంది. చెప్పులతో మాత్రం రానివ్వకండి. మఫ్లర్, మంకీ క్యాప్ ఇండియా నుంచి తెచ్చుకుని ఉంటే అవి భేషుగ్గా పనికివస్తాయి.

బండి నడిపేవాళ్లకు ఒక మాట. కొన్ని మలుపుల దగ్గర రోడ్డు పక్కన రెయిలింగ్ ఉండదు. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి వాసన వస్తుంది, అందువల్ల లోయర్ గేరులో దిగాలి. పార్కు లోపల పెట్రోలు బంకు ఒక్కటీ లేదు, ఎస్టెస్ పార్క్‌లోనే ట్యాంకు నింపుకోండి.

ఇప్పుడు జూలైనా, సెప్టెంబరా అన్నది. జూలైలో పూలు బాగుంటాయి, కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఉరుములు మెరుపులతో వాన రావడం ఆ నెలలో మామూలు. చెట్లు లేని ఎత్తున ఉన్నప్పుడు పిడుగుకు అందరికంటే ఎత్తుగా నిలబడి ఉండేది మనమే. 2014 జూలైలో వరసగా రెండు రోజులు ఈ పార్కులో పిడుగు పడి ఒక్కొక్కరు చనిపోయారు. కాబట్టి జూలైలో వస్తే ట్రెయిల్ రిడ్జ్ మీదికి తెల్లవారుజామున వెళ్లి, పన్నెండు లోపల చెట్లు పెరిగే ఎత్తుకు దిగి వచ్చేయండి. దూరాన ఉరుము వినిపిస్తే ఇంకొక్క ఫోటో అని ఆగకుండా కారెక్కండి. సెప్టెంబరు మూడో వారానికి ఈ వానలు చాలావరకు తగ్గుతాయి, ఆస్పెన్ చెట్లు పసుపు పచ్చగా మారతాయి, రాత్రిళ్లు మాత్రం చలి గడ్డకట్టే దాకా వెళ్తుంది. ఏ నెలైనా అడవి మంటల పొగ రావచ్చు. 2020 అక్టోబరులో మంటలు దగ్గరికి రావడంతో ఎస్టెస్ పార్క్ ఊరంతటినీ ఖాళీ చేయించారు. బాబుకు ఉబ్బసం ఉంటే బయలుదేరే ముందు గాలి నాణ్యత చూసుకోండి.

నేను సెప్టెంబరు వైపు మొగ్గడానికి అసలు కారణం ఎల్క్‌లు. ఇవి మన కణుజులాంటి పెద్ద దుప్పి జాతి జంతువులు. సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు వీటికి జత కట్టే కాలం. కొమ్ముల మగది మెడ చాచి, సన్నగా మొదలై ఈలలా సాగే ఒక కూత పెడుతుంది. అంత భారీ జంతువు గొంతులోంచి అంత సన్నని ధ్వని రావడం విన్నవాళ్లు మర్చిపోలేరు. సాయంత్రం మొరెయిన్ పార్క్, హార్స్‌షూ పార్క్ మైదానాల పక్కన కారు ఆపి వినవచ్చు. ఆ రోజుల్లో సాయంత్రం 5 నుంచి పొద్దున్న 10 వరకు మైదానంలోకి దిగడం నిషేధం, రోడ్డు పక్కనే ఉండాలి. ఎల్క్‌కు కనీసం 75 అడుగులు, ఎలుగుబంటికీ, మూస్ అనే ఇంకా భారీ దుప్పి జాతి జంతువుకూ 120 అడుగుల దూరం పాటించాలన్నది పార్కు నియమం. ఇవి ఊళ్లోకి కూడా వస్తాయి, హోటల్ గడ్డి మీద పడుకుంటాయి. పెంపుడు పశువుల్లా నెమ్మదిగా కనిపించేసరికి మన పెద్దవాళ్లకు దగ్గరికి వెళ్లి చూడాలనిపిస్తుంది. అవి ఒక్కసారిగా మీద పడతాయి, ఈ విషయంలో మొహమాటపడకుండా గట్టిగా చెప్పండి.

పర్మిట్ల సంగతి జాగ్రత్తగా చదవండి, చాలా కుటుంబాలు గేటు దాకా వచ్చి వెనుదిరిగేది ఇక్కడే. ఇటీవలి సంవత్సరాలలో మే నెలాఖరు నుంచి అక్టోబరు మధ్య వరకు, టికెట్‌తో పాటు, ఫలానా గంటల మధ్య లోపలికి రావడానికి టైమ్డ్ ఎంట్రీ రిజర్వేషన్ ఉండాలి. ఇది రెండు రకాలు. బేర్ లేక్ రోడ్డుతో కలిపినదైతే ఆ రోడ్డుకు పొద్దున్న 5 నుంచి సాయంత్రం 6 వరకు అవసరం. మిగతా పార్కుకు పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 2 వరకే అవసరం. అంటే 9 గంటలకు ముందే గేటు దాటితే ట్రెయిల్ రిడ్జ్‌కు రిజర్వేషన్ అక్కరలేదు. ఊళ్లో బస చేసినవాళ్లకు ఇది సులువు, డెన్వర్ నుంచి పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకు చాలా కష్టం. రిజర్వేషన్లు రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో ముందు నెల ఒకటో తారీఖున పొద్దున్న 8 గంటలకు, కొలరాడో సమయం ప్రకారం, విడుదలవుతాయి. కొన్నిటిని ముందు రోజు సాయంత్రానికి అట్టిపెడతారు. మీరు రెండో రోజుకు బేర్ లేక్ రకం తీసుకోండి. మీ తేదీలు ఖాయమయ్యాక ఆ ఏడాది వేళలను పార్కు వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

ప్రవేశ రుసుములో కొత్త మార్పు ఒకటి మీకు తగలవచ్చు. 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివారికి, 16 ఏళ్లు నిండిన ఒక్కొక్కరికి, 100 డాలర్ల అదనపు రుసుము పెట్టిన 11 పార్కులలో ఇదొకటి. అరవై రెండు నిండినవారికిచ్చే సీనియర్ పాస్ అమెరికా పౌరులకూ, గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమే వర్తిస్తుంది, విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులకు రాదు. అందరూ గుర్తింపు కార్డులు దగ్గర ఉంచుకోండి.

భోజనం గురించి. ఊళ్లో శాకాహారం అసలు దొరకదని కాదు, కానీ మూడు పూటలా పిజ్జా, శాండ్‌విచ్ తినడం పెద్దవాళ్లకు కష్టం. చిన్న వంటగది ఉన్న గది గానీ క్యాబిన్ గానీ తీసుకోండి. అయితే ఈ ఎత్తున నీళ్లు దాదాపు 92 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంట ఉడికినా గింజ గింజగానే ఉంటుంది, మామూలు రైస్ కుక్కర్‌లో అన్నం పలుకుగా మిగులుతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ వెంట తెచ్చుకుంటే పప్పు చక్కగా మెదుగుతుంది. బియ్యానికి ఇంట్లో పోసేదాని కంటే కాస్త ఎక్కువ నీళ్లు పోయండి. దారికి పులిహోర, దద్దోజనం కట్టుకోండి. మిక్చర్, చిప్స్ ప్యాకెట్లు పైకి వెళ్లేకొద్దీ బెలూన్లలా ఉబ్బుతాయి, ఊరగాయ సీసా మూతను పైన తెరవవలసి వస్తే గుడ్డ కప్పి మెల్లగా తిప్పండి, లేకపోతే నూనె చిమ్ముతుంది. తిండి ఏదీ రాత్రి కారులో వదలకండి, ఎలుగుబంట్లు తలుపు తెరవగలవు.

డెన్వర్ నుంచి రావడానికి బౌల్డర్, లయన్స్ మీదుగా యూఎస్ 36, లవ్‌లాండ్ నుంచి బిగ్ థాంప్సన్ లోయ గుండా యూఎస్ 34 అని రెండు దారులు ఉన్నాయి. కళ్లు తిరిగే అలవాటున్నవారికి 36 కొంత నయం. రెండో దారిలో వరద వస్తే కొండ ఎక్కమని చెప్పే బోర్డులు కనిపిస్తాయి. 1976 జూలై 31 రాత్రి ఆ ఇరుకు లోయలో వచ్చిన వరదలో 140 మందికి పైగా చనిపోయారు. సాయంత్రం పెద్ద వాన కురుస్తూ ఉంటే ఆ దారి పట్టకండి. పార్కు లోపల ఫాల్ రివర్ వైపు ఆల్యూవియల్ ఫ్యాన్ అనే బండరాళ్ల మేట ఒకటి ఉంది. 1903లో కట్టిన లాన్ లేక్ మట్టి కట్ట 1982 జూలై 15న తెగి, ఆ నీరు ఎస్టెస్ పార్క్ బజారు దాకా వచ్చింది, ముగ్గురు చనిపోయారు. చెరువు కట్ట తెగితే ఏమవుతుందో మనవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, ఆ రాళ్ల పరిమాణం చూస్తే నాన్నగారే బాబుకు వివరిస్తారు.

ఊళ్లో పార్కింగు కోసం తిరగకండి. విజిటర్ సెంటర్ దగ్గరి బహుళ అంతస్తుల పార్కింగులో కారు పెట్టి రివర్‌వాక్ మీదుగా బజారులోకి నడవవచ్చు, వేసవిలో ఊరి ఉచిత షటిల్ కూడా అక్కడ ఆగుతుంది. తిరుగు విమానం సాయంత్రానికి తీసుకుంటే ఆఖరి రోజు ఎవరినీ తొందరపెట్టవలసిన పని ఉండదు. నాన్నగారి డాక్టరు ఏమన్నారో, తేదీలు ఏ నెలకు ఖాయమయ్యాయో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి బేర్ లేక్‌కు ఏ గంట రిజర్వేషన్ తీసుకోవాలో చెబుతాను.